పాపానికి తగిన గిన్నె

తాండూరులో మా నాన్నకు గిన్నెల దుకాణం ఉండేది. నేను నడక ఆ దుకాణంలోనే నేర్చుకున్నానని మా అమ్మ అనేది. బేరం అంతకుముందే నేర్చుకుని ఉంటానని నా అనుమానం. మాకు ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క కిరాణం, ఎదురుగా చెప్పుల దుకాణం. కర్ణాటక వైపు నుంచి వచ్చినవాళ్ళు కన్నడంలో ధర అడిగేవాళ్ళు. మా నాన్న ఉర్దూలో చెప్పేవాడు. చివరికి తెగేది తెలుగులో.

నేను గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని కొనేవాళ్ళను చూసేదాన్ని. మంచి కొనుగోలుదారు ఎట్లా ఉంటాడో అమ్మేవాడి పిల్లలకే బాగా తెలుస్తుంది. నచ్చిన గిన్నె వైపు అతను చూడనే చూడడు, ముందు దాని పక్కదాన్ని పట్టుకుంటాడు. తరువాత నచ్చినదాన్ని ఏదో అయిష్టంగా చేతిలోకి తీసుకుని ఒక లోపం చెప్తాడు: "గిది సొట్ట వడ్డది." సొట్ట లేకపోయినా సరే, ధర అడిగే ముందు సొట్ట అనాల్సిందే. ఆఖరికి వద్దని మెట్లు దిగుతాడు. మా దుకాణానికి మూడు మెట్లు. దిగిపోయేవాణ్ణి రెండో మెట్టు మీద పిలవాలి. మొదటి మెట్టు మీద పిలిస్తే అలుసు, మూడో మెట్టు దాటితే ఇంకో గిన్నెల దుకాణానికి చుట్టం. మా నాన్న చదువంతా ఆ రెండో మెట్టు మీదే ఉండేది.

పెళ్ళయి వికారాబాదుకు వచ్చినప్పుడు నాతో వచ్చిన అసలైన సారె ఈ విద్యే. మా చర్చిలో ఎవరింట్లో పెళ్ళయినా, పండుగైనా బట్టలకు నన్ను వెంట తీసుకుపోతారు. నేను లోపలికి అడుగుపెడితే ఒకప్పుడు దుకాణాలవాళ్ళు ఫ్యాను వేసేవాళ్ళు. ఇప్పుడు ఉన్న ఫ్యాను ఆపేస్తున్నారు, తొందరగా లేచి వెళ్తానని.

ప్రార్థనలోనూ నాది అదే పద్ధతి. బిడ్డ పరీక్ష పాసైతే నలభై రోజులు టీ మానేస్తానని మొదలుపెట్టి, ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి వారానికి రెండు రోజులకు దించేదాన్ని. అవతలివాడు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనేది మా దుకాణాల వీధిలో అందరికీ తెలిసిన న్యాయం.

అందుకే మా చర్చిలో అందరం కలిసి చదివే ఒప్పుకోలు ప్రార్థన అంటే నాకు మహా ఇష్టంగా ఉండేది. తలంపులో, మాటలో, చేతలో తప్పు చేశామని అందరం ఒకే గొంతుతో చెప్పేస్తాం. అది హోల్‌సేల్ ఒప్పుకోలు. ఏ తలంపు, ఏ మాట అని ఎవరూ విప్పి చూడరు. మూట కట్టి ఒకేసారి దించేస్తే తేలికగా ఇంటికి పోయి బగారన్నం వండుకోవచ్చు. చిల్లరగా, ఒక్కొక్క తప్పూ పేరు పెట్టి చెప్పాల్సి వస్తే ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

ఆ కష్టం నాకు కోత పండుగ నాడు మొదలైంది.

కోత పండుగకు మా సంఘంలో ఎవరి చేతికందింది వాళ్ళు తెస్తారు. కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్ళు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయిపోయాక అన్నిటినీ చర్చి ఆవరణలో వేలం వేస్తారు, వచ్చింది దేవుని పనికి. వేలం నడిపేది మా సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. బళ్ళో హాజరు పిలిచినట్టే పిలుస్తాడు. వేలమంటే నాకు గిట్టదు. ధర కిందికి దిగడం చూస్తూ పెరిగినదాన్ని, పైకి ఎక్కుతుంటే కళ్ళు తిరుగుతాయి. దేవునికని నలుగురూ పోటీ పడి ఒక సొరకాయను దాని తాహతు దాటించి పాడుతుంటే, ఎవరో నా ఒంటి మీద నగలు లాక్కుంటున్నట్టు ఉంటుంది.

ఆ సంవత్సరం ఒక ఎర్ర పుంజు వచ్చింది. దాన్ని తెచ్చింది కోట్‌పల్లి వైపు ఊరి నుంచి వచ్చే ఒక ముసలామె. గొర్లు కాసే ఇంటి ఆడది. భర్త పోయాక మా చర్చికి రావడం మొదలుపెట్టింది. గొర్లు అమ్ముడుపోగా మిగిలినవి కోళ్ళు. గుడ్లూ కోళ్ళూ అమ్ముకుని బతుకుతుంది. అందరం ఆమెను పెద్దవ్వ అంటాం. ఆ పుంజు ఎంత బాగుందంటే, నేను దాని వైపు చూడలేదు. దాని పక్కనున్న గుమ్మడికాయను తట్టి చూశాను.

పాట మొదలైంది. ఇద్దరు పాడారు, ముగ్గురు పాడారు, పుంజు నా చేయి దాటిపోతోంది. అప్పుడు నా నోరు, నన్ను అడగకుండా, దానికి తెలిసిన పని చేసింది. ముందుకు వంగి, పుంజు తల ఇటూ అటూ తిప్పి చూసి, అందరికీ వినబడేట్టు అన్నాను: "అయ్యో, తల వాలుస్తున్నది చూడుండ్రి. కొక్కెర రోగం తగిలినట్టుంది గదా!"

కొక్కెర రోగమంటే కోళ్ళకు మహమ్మారి. ఒకదానికి వస్తే గంపంతా ఖాళీ. పాడేవాళ్ళ చేతులు దిగిపోయాయి. నిజానికి ఆ పుంజు తలకిందులుగా బస్సులో వచ్చి అలసిపోయింది, అంతే. మనిషినైనా అట్లా తెస్తే తల వాలుస్తాడు. హెడ్మాస్టరు మూడోసారి అనేసరికి పుంజు నాది. ఎంతకని అడగకండి. పండుగ పూట అంత తక్కువ ధర పలకడానికి ఆయనకే సిగ్గేసింది.

చివరి చాప మీద పెద్దవ్వ కూర్చుని ఉంది. ఖాళీ గంప బోర్లించి దులిపి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ పుంజు కూర అమోఘంగా కుదిరింది. మా ఆయన లెక్కల మాస్టరు, మాట తక్కువ. రెండోసారి వడ్డించుకుంటూ ఒక్క మాట అన్నాడు: "దేవుని కాడ సుత డిస్కౌంటేనా?" నేను నవ్వి, ఆయనకు లెగ్గు పీసు వేశాను.

తరువాత మూడు నెలలు పెద్దవ్వ చర్చికి రాలేదు. నేను గమనించలేదంటే అబద్ధం. గమనించాను, చలికాలం కదా అనుకున్నాను. చలి పోయాక, ఎండలు కదా అనుకున్నాను.

శ్రమల కాలం వచ్చింది. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా ఆడవాళ్ళ కూటాలు జోరుగా జరుగుతాయి. మా అయ్యగారు కొత్తగా వచ్చిన చిన్న వయసు పాస్టరు, మైకు లేకుండా మాట్లాడతాడు, అందుకే మాకు ఆయన మీద గౌరవం. ఒక బుధవారం ఆయన మమ్మల్ని అడిగాడు: "అమ్మా, పాపమంటే ఏందో ఒక్కొక్కరు చెప్పుండ్రి."

అందరం ఉత్సాహంగా చెప్పాం. మెడలో నల్లపూస కూడా లేనామె నగలు పాపమంది. ఇంట్లో టీవీ చెడిపోయినామె సీరియళ్ళు పాపమంది. భర్త తాగనామె తాగుడంది, భర్త తాగే ఆమె బీడీ అంది. నేను కోపమన్నాను. నాకు కోపం రాదు, బేరమాడేవాళ్ళకు కోపం పనికిరాదు. ఎవరికి లేని పాపాన్ని వాళ్ళు చెప్పి చాప మీద హాయిగా సర్దుకుని కూర్చున్నాం.

మూలన కూర్చున్న ఒకామె మాత్రం అంది: "గిప్పుడు పాపమని ఎవలంటున్నరు అయ్యగారూ? టెన్షన్ అంటున్నరు. మా కోడలు నన్ను నోటికొచ్చినట్టు తిడ్తది. సాయంత్రం టీ ఇచ్చి 'టెన్షన్ల అన్న అత్తమ్మా' అంటది. ఇగ టెన్షన్‌కు మాఫీ ఎట్ల అడుగుతది?"

అందరం నవ్వాం. అయ్యగారు కూడా నవ్వాడు. నవ్వి అన్నాడు: "పాపమంటే చేసిన పనుల లిస్టు గాదమ్మా. మనల్ని మనమే తక్కెట్ల పెట్టుకొని, మనమే తూచి, మనమే 'బరాబరున్నది' అనుకునుడు. రాళ్ళు మనయే, తక్కెడ మనదే. గట్ల తూస్తే ఎవలు తక్కువొస్తరు? అందుకే దేవుడు తక్కెడ పక్కకు పెట్టి కృప ఇచ్చిండు. బేరం లేకుంట, ఊకెనే."

నాకు తక్కెడ దాకా బాగా అర్థమైంది. ఊకెనే అన్నచోట నమ్మకం చెడింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని రాసున్న చోట, రెండోదాని ధర మొదటిదానిలో ఉంటుందని మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడే చెప్పాడు.

కూటం అయ్యాక అయ్యగారు నన్ను ఆగమన్నాడు. "పెద్దవ్వ ఇంటికి పోయొచ్చిన అమ్మా. ఊళ్ళె ఆమె కోళ్ళను, గుడ్లను ఎవలు కొంటలేరు. చర్చి కాడనే రోగమని చెప్పిన్రంట, గా మాట ఊరంత పాకింది. ఎవలన్నరో ఆమె చెప్పలే. మీకేమన్న ఎరుకనా?"

ఆయనకు తెలుసు. ఆ ఆవరణలో ఉన్న అందరికీ తెలుసు. నేను మాత్రం బేరానికి దిగాను.

"అది అబద్ధం గాదు అయ్యగారూ, బేరం."

"ఔనా."

"కొనేటోళ్ళందరు అంటరు. మా దుకాణంల రోజుకు ఇరవై సార్లు ఇంటుంటిమి. మా నాయిన ఎన్నడు బాధపడలే."

"మీ నాయిన దుకాణంల గిన్నెలు బస్సెక్కి ఊరికి పోయి మాట చెప్పలే గదమ్మా."

నేను ఇంకో మెట్టు దిగాను. "సరే, తప్పే అనుకోండ్రి. వచ్చే ఆదివారం ఒప్పుకోలు ప్రార్థనల గట్టిగ చదువుత."

"చదువుండ్రి."

"మనసులో ఆ పుంజును యాది చేసుకొని చదువుత."

"మంచిది." ఆయన ధర చెప్పడం లేదు. అది ఎంత ఇబ్బందో బేరగాళ్ళకే తెలుస్తుంది. "అమ్మా, నేనేం పొమ్మంటలేను. ఆదివారం ప్రభు బల్ల ఉన్నది. మీరు చేయి చాపుతరు, నేను రొట్టె పెడ్త. గంతే. గా చేతిని చూసి మీరేమనుకుంటరో నాకు తెల్వది."

నేను మెట్లు దిగసాగాను, నిజంగానే చర్చికి మూడు మెట్లు ఉన్నాయి. రెండో మెట్టు మీద ఆగాను. ఆయన పిలవలేదు.

ఇంటికి పోతూ నా చేయి చూసుకున్నాను. పుంజు తల పట్టి ఇటూ అటూ తిప్పిన చేయి అదే.

మర్నాడు తాండూరు వెళ్ళాను. ఒట్టి చేతులతో క్షమాపణకు పోవడం మా ఇంటా వంటా లేదు. ఇప్పుడు దుకాణం మా తమ్ముడిది. వాడికి జరిగిందంతా చెప్పాను. వాడు పళ్ళు బిగించి నవ్వు ఆపుకుని, వ్యాపారంలోకి వచ్చాడు.

"తప్పు ఎంతది అక్కా? సైజు చెప్పు."

"సైజేందిరా?"

"చిన్న తప్పా, పెద్ద తప్పా తెల్వకుంటే గిన్నె ఎట్ల తియ్యాలె?" అని బల్ల మీద వరుసగా పెట్టడం మొదలుపెట్టాడు. "గిది చిన్న డబ్బా. కాలు తొక్కితే ఇయ్యచ్చు. గిది మూతున్న గిన్నె, పెండ్లికి పిలువుడు మర్చిపోతే. గిదో, బిందె."

"బిందె ఎక్కువైతదిరా."

"ఎక్కువే. బిందె ఇస్తే 'అబ్బ, గింత పెద్ద తప్పు జేసినవా' అని ఆమెకే అనుమానమొస్తది. చిన్నది ఇస్తే నా కోళ్ళ కిమ్మతు గింతేనా అని గుస్స అయితది. మూతున్నదే తీస్కో."

"మూత వదులున్నది."

"అక్కా!" వాడు చేతులెత్తేశాడు. "మాఫీ అడిగెతందుకు పోతున్నవు. గిన్నెకన్న సొట్ట వెట్టకు."

మూతున్న గిన్నెలోనే మధ్యరకం తీసుకున్నాను. సంచిలో ఇంకా జాగా ఉందని ఒక చీర, ఒక మిఠాయి పొట్లం కూడా పెట్టాను. పాసింజరులో వికారాబాదు తిరిగి వస్తూ మనసులో వరుస వేసుకున్నాను. ముందు మిఠాయి. దానికి మెత్తబడకపోతే గిన్నె. అప్పటికీ కాకపోతే చీర. మెత్తబడితే చీర మిగులుతుంది.

శనివారం పొద్దున కోట్‌పల్లి బస్సెక్కాను. ఊరు దగ్గర దిగి అడిగితే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందు పందిరి, పందిరి కింద పెద్దవ్వ జొన్నలు చెరుగుతోంది. చుట్టూ కోళ్ళు, అమ్ముడుపోని కోళ్ళు, ఉండాల్సినదాని కంటే చాలా ఎక్కువ. నన్ను చూసి చాట ఆపలేదు.

"వచ్చినవా. కూసో."

కూర్చున్నాను. దారిలో నేర్చుకున్నదంతా పోయింది. "పెద్దవ్వా, ఆనాడు కోడికి రోగమని అన్నది నేనే" అన్నాను.

"నాకెరుకే. నా ముంగటనే అంటివి గదా."

"తప్పయింది. మాఫ్ చెయ్యి."

"ఎప్పుడో జేసిన."

నేను సిద్ధంగా లేను. ఇంకా మిఠాయి కూడా తీయలేదు. "ఎప్పుడు?"

"పండుగయినంక పది దినాలకు." ఆమె పొట్టు ఊదింది. "నీ కోసం గాదు తియ్యి. రోజు పొద్దున కోళ్ళ గంప ఎత్తితే నీ మొఖమే యాదికొస్తుండె. పరేషానయిన. దేవుని మొఖం చూడాల్సిన యాళ్ళకు నీ మొఖమేందని, ఇడిసిపెట్టిన."

ఇది బేరం కాదు, కానీ నాకు ఇంకో ఆట రాదు. మిఠాయి పొట్లం తీసి ముందు పెట్టాను. "నాకు నోట్ల పండ్లు లేవు" అంది. గిన్నె తీశాను. "నాకున్న గిన్నెలే ఎక్కువ, ఒక్కదాన్ని." చీర తీశాను. ఆమె చెరగడం ఆపి చీరనూ నన్నూ చూసింది.

మా వీధిలో ఎవరైనా ఏమీ వద్దన్నారంటే ఇంకా కోపం తగ్గలేదని అర్థం. అందుకని పెంచుతూ పోయాను. ఇంకో చీర కూడా తెస్తానన్నాను. కోళ్ళన్నీ నేనే కొంటానన్నాను. రేకులు మార్పిస్తానన్నాను, మా ఆయనను అడగకుండానే. ఆ పందిరి కింద పాట పాడేదాన్ని నేనొక్కదాన్నే, ధర పెంచేదాన్నీ నేనే, అవతల ఎవరూ లేరు. జీవితంలో మొదటిసారి నా మీద నేనే వేలం పాడుకుంటున్నాను. మూడోసారి అని చెప్పడానికి హెడ్మాస్టరు కూడా లేడు.

అలసిపోయి అడిగాను: "అయితే చర్చికి ఎందుకు వస్తలేవు మరి? నా మీద గుస్స లేకుంటే?"

అప్పుడు మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "ఏం తీస్కొని రావాలె బిడ్డా? ప్రతిసారి గుడ్డో కోడో తెస్తుంటి. గిప్పుడు నా కోడంటే అందరు జరుగుతరు. ఒట్టి చేతులతోని ఎట్ల వస్త? దేవుడేమనుకుంటడు?"

"అట్లంటవేంది పెద్దవ్వా!" నేను లేచాను. ఈ పాఠం నాకు బాగా వచ్చు, ప్రతి బుధవారం వింటాను. "దేవుని కాడికి ఒట్టి చేతులతోనే పోవాలె. ఆయనకు మన కోళ్ళు గావాల్నా? కృప అంటేనే ఊకెనే ఇచ్చేది. ఏం తేకున్నా తీసుకుంటడు. మనం పోవుడే కావాలె."

అయ్యగారు కూడా అంత బాగా చెప్పలేదు. చివర్లో నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

పెద్దవ్వ ఓపికగా అంతా విన్నది. విని, మిఠాయి పొట్లం వైపు, గిన్నె వైపు, చీర వైపు వరుసగా చూసింది.

"మరి నువ్వెందుకు సంచి నింపుకొని వచ్చినవు?"

నా సరుకు మధ్య నేను నిలబడ్డాను. కోళ్ళు కూడా తినడం ఆపి చూస్తున్నట్టనిపించింది.

ఆమె నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి. "ఇచ్చుడు మస్తు నేర్చుకున్నవు. తీసుకునుడే రాదు నీకు. సర్దు, సంచిల వెట్టు అన్ని." అని లేచి, కాళ్ళ దగ్గర తిరుగుతున్న ఒక నల్ల పెట్టను ఒడుపుగా పట్టి, కాళ్ళు కట్టి నా చేతిలో పెట్టింది. "తీస్కపో."

"ఎంత?" అన్నాను. అలవాటు. నాలుక కరుచుకునేలోపే బయటికి వచ్చింది.

"గీ ఒక్కసారన్న ఎంత అనకు."

పెట్టను పట్టుకున్నాను. దానికి ఒక కాలు కొంచెం కుంటిది. నేను చూశాను. చూసిన సంగతి ఆమె చూసింది. నేను నోరు మూసుకున్నాను.

బస్టాపు పక్కనే కిరాణ దుకాణం. బస్సుకు ఇంకా టైముంది. లోపల సేటు ఉప్పు తూస్తున్నాడు, ఉప్పు కోసం ఒకామె నిలబడి ఉంది. పెద్దవ్వ నన్ను ఏమీ అడగలేదు. ఆ దుకాణానికి పొమ్మని అనలేదు. అడిగి ఉంటే అది ధర అయ్యేది, తీర్చేసి తేలికగా బస్సెక్కేదాన్ని. అడగలేదు కాబట్టే కాళ్ళు అటు పోయాయి.

"సేటూ, పెద్దవ్వ కోళ్ళకు ఏ రోగం లేదు. చర్చి కాడ రోగమని అన్నది నేనే. ఉత్తగనే అన్న."

సేటు తక్కెడ మీద నుంచి తలెత్తాడు. "ఎంతిచ్చింది ముసల్ది నీకు గిట్ల జెప్పుమని?"

"ఏమియ్యలే. ఈ కోడి ఇచ్చింది, గంతే."

"గదే అంటున్న!"

ఉప్పు ఆమె నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పడం నాకు కొత్త సరుకు, ఎట్లా అమ్మాలో తెలియడం లేదు. పెట్టను ఇంకో చేతికి మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. "ఆ పుంజును నేనే కొన్న. కోసి వండిన. మా ఆయన తిన్నడు, నేను తిన్న, రెండు పూటలు తిన్నం. రోగపు కోడి తిన్నోళ్ళు గిట్లుంటరా?"

ఇద్దరూ నన్ను కింది నుంచి పైదాకా, ఈ పక్క నుంచి ఆ పక్కదాకా చూశారు. దానికి కొంచెం సమయం పట్టింది. "లేదు తియ్యి" అంది ఉప్పు ఆమె. "మంచిగనే ఉన్నవు." నా ఒళ్ళు సాక్ష్యానికి పనికొచ్చింది అదొక్కసారే.

"మరి రోగమని ఎందుకంటివి?" అన్నాడు సేటు.

"ధర తగ్గుతదని."

ఆయన మొహం విప్పారింది. "గట్ల జెప్పు! బేరానికి అన్నవా? బేరంల అబద్ధమేందమ్మా. అందరం అంటం. నేను అనలేదా? రోజు అంట. గదొక తప్పా?"

మూడు నెలలుగా నేను నాకు చెప్పుకుంటున్న మాట, అయ్యగారితో వాదించిన మాట, అడగకుండా, పైసా లేకుండా, ఒక దుకాణదారు నా చేతిలో పెడుతున్నాడు. మా వీధి మొత్తం లేచి నిలబడి నన్ను విడిపిస్తున్నట్టుంది. అంత చవకగా మళ్ళీ దొరకదు.

"కాదు సేటూ" అన్నాను. "అబద్ధమే. ఆమె తిండి చెడగొట్టిన."

సేటు నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి, ఉప్పు పొట్లం కట్టాడు. ఉప్పు ఆమె పొట్లం తీసుకుంటూ, ఎవరికీ చెప్పనట్టు అంది: "అయితే ఆరు గుడ్లు తెచ్చుకుంట. పెద్దవ్వ గుడ్డు పెద్దగుంటది." అని నేను వచ్చిన దారినే నడిచిపోయింది.

బస్సులో నా పక్కన నవాబుపేట నుంచి చుట్టపు చూపుకు వచ్చి తిరిగిపోతున్న ఒకామె కూర్చుంది. కూర్చోగానే ఒళ్ళోని పెట్టను చూసింది. సంచిలోంచి తొంగి చూస్తున్న గిన్నెను చూసింది. పోయేటప్పుడు ఒక సంచి, వచ్చేటప్పుడు ఆ సంచీ ఒక కోడీ. ఇంత లాభం నాకు ఏ బేరంలోనూ రాలేదు. ఇంత చిన్నబోవడం కూడా.

"ఎంతకు దెచ్చినవక్కా?"

ఈ ప్రశ్నకు నేను జీవితమంతా కొన్నదానికంటే తక్కువే చెప్పాను. "పుక్కట్ల" అన్నాను. దీనికంటే తగ్గించడానికి ఏమీ లేదు.

"పుక్కట్ల ఎవలిస్తరు?" ఆమె ముందుకు వంగి పెట్ట తల ఇటూ అటూ తిప్పి చూసింది. "ఏదో రోగముంటది, చూస్కో."

"లేదు" అన్నాను. "మంచి కోడి."

ఆదివారం ప్రభు బల్లకు ముందు, చాప మీద నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చంకలో గంప లేదు, చేతిలో గుడ్లు లేవు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ కూర్చుంది పెద్దవ్వ. ఒప్పుకోలు ప్రార్థన మొదలైంది. నాకు ఇష్టమైన మూట ఆ రోజు ఎత్తలేనంత బరువుంది. 'మాటలో' అన్నచోట నా గొంతు ఆగింది.

మోచేత్తో పొడిచింది పెద్దవ్వ. "జర గట్టిగ సదువు. ఇనవడుతలేదు."

గట్టిగా చదివాను. తరువాత ఇద్దరం లేచి, ఒకరి వెనుక ఒకరం పోయి, ఒట్టి చేతులు చాపాం.

నల్ల పెట్ట మా ఇంట్లోనే ఉంది. కుంటుతూ తిరుగుతుంది. దాన్ని కోద్దామని మా ఆయన రెండుసార్లు అన్నాడు, నేను వినిపించుకోలేదు. మూతున్న గిన్నెను వాపసు తీసుకోమని తమ్ముడికి ఫోను చేశాను.

"సైజు సరిపోలేదా అక్కా?" అన్నాడు.

"ఏ సైజు సరిపోదురా" అన్నాను.

అమ్మిన సరుకు వాపసు తీసుకోనన్నాడు. కోడి అందులో నీళ్ళు తాగుతోంది. మూత మాత్రం వదులే.